పచ్చిక అయిపోయిన చోట మొదలయ్యే విశాఖ: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలో ఒకటి రెండు ఆదివారాలు పొద్దున్నే కొందరం కలిసి విశాఖపట్నం పార్కుల్లోనూ వాటి వెనక కొండల్లోనూ నడుస్తుంటాం. కొత్తగా వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

విశాఖలో ఎవరికీ తెలియని చోట్లు ఇంకా మిగిలున్నాయా?

ఎవరికీ తెలియనివంటూ ఏమీ లేవు. తెలిసిన చోటే చూపు పడనివి చాలా ఉన్నాయి. మనం పార్కుకి వెళ్తే గేటు దగ్గర మొదలుపెట్టి ఊయలల దాకా, అక్కడినుంచి మొక్కజొన్న పొత్తుల బండి దాకా నడిచి ఇంటికి వచ్చేస్తాం. కానీ ప్రతి పార్కులోనూ కత్తిరించిన పచ్చిక ఆగిపోయే గీత ఒకటి ఉంటుంది. దాని అవతల తోటమాలి కత్తెర వెళ్ళదు. ముళ్ళపొదలు, రాళ్ళు, వానకి మాత్రమే పారే సన్నటి కాలువ, దాని ఒడ్డున ఎవరూ నాటని ఈత చెట్టు ఉంటాయి. విశాఖకి ఆ గీత అవతల ఉన్నంత సంపద ఈ తీరంలో మరే నగరానికీ లేదని నా నమ్మకం. కొండా సముద్రమూ ఇంత దగ్గరగా వచ్చి మధ్యలో ఊరికి చోటిచ్చిన తీరు అలాంటిది.

ఎక్కడ వెతకాలో ఎలా తెలుస్తుంది?

ఊరి పేర్లు చదవండి. సిటీ బస్సు బోర్డుల మీదే అన్నీ రాసి ఉన్నాయి. మర్రిపాలెం, తాటిచెట్లపాలెం, వేపగుంట, మద్దిలపాలెం: ఏ చెట్ల నీడన ఊళ్ళు వెలిశాయో ఈ పేర్లే చెబుతున్నాయి. హనుమంతవాకలో వాక అంటే వాగు. ముడసర్లోవలో లోవ అంటే రెండు కొండల మధ్య పల్లం, మిగతా తెలుగువాళ్ళు లోయ అనేది. మేఘాద్రి గెడ్డలో గెడ్డ అంటే మన ఉత్తరాంధ్ర ఏరు. సీతమ్మధార, మాధవధార అన్నవి కొండ పాదాన నీళ్ళు ఊరిన చోట్లు. అడవివరం గురించి చెప్పనక్కర్లేదు.

నేను కొత్త చోటికి వెళ్ళేముందు పేరులో నీరుందా, చెట్టుందా, రాయుందా అని చూస్తాను. ఈ పద్ధతి నన్ను ఎప్పుడూ ఉత్తచేతులతో పంపలేదు. సిమెంటు కింద కప్పబడిపోయిన ధార దగ్గర కూడా గోడ పగుల్లోంచి ఒక రావి మొక్కో, చెమ్మకి పెరిగిన నాచో కనిపిస్తుంది.

ముందుగా ఒక్కచోటికే వెళ్ళాలంటే?

ముడసర్లోవ. నిస్సందేహంగా.

హనుమంతవాక నుంచి అడవివరం వెళ్ళే దారిలో ఉంది. సింహాచలం కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణ రాత్రి లక్షలమంది దాని పక్కనుంచే నడిచి వెళ్తారు. ఆషాఢ పౌర్ణమి ముందు మొదలయ్యే ఆ 32 కిలోమీటర్ల నడకలో ముడసర్లోవ ఒక మలుపు మాత్రమే, ఆగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పార్కు పాతది, చెట్లు పెద్దవి. అయితే అసలు చూడాల్సింది జలాశయం.

2018లో ఆ నీళ్ళ మీద 2 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం పెట్టారు. పలకలు వచ్చాక పక్షులు పోతాయేమోనని నేనూ దిగులుపడ్డాను. ఓ డిసెంబరు ఉదయం పలకల అంచున నీటికాకి రెక్కలు రెండూ చాచి, ఆరేసిన బట్టలా కదలకుండా నిలబడి ఉండటం చూశాక కొంత కుదుటపడ్డాను. నీటికాకి రెక్కలు మిగతా నీటిపక్షుల రెక్కల్లా నీటిని పూర్తిగా తోసెయ్యవు, తడుస్తాయి. అందుకే మునగడం తేలిక. అందుకే మునిగి వచ్చాక ఎండలో ఆరబెట్టుకోవాలి. ఆకుల మీద నడిచే పొడుగాటి వేళ్ళ పక్షి, ఈల వేసినట్టు అరిచే చిన్న బాతుల గుంపు, లకుముకి పిట్ట, తెల్లకొంగలు ఇక్కడ ఓపికగా కూర్చున్నవాళ్ళకి దొరుకుతాయి. వానాకాలంలో నీటి మీదకి వంగిన ఈత కొమ్మలకి గిజిగాడు గూళ్ళు కడుతుంది. మగపిట్ట సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. చెట్టు కింద రాలిన సగం గూడు కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకుండా అక్కడే తిప్పి చూడండి. ఒక్క ముడి కూడా చేత్తో వెయ్యలేం.

ఉదయం 6 నుంచి 8 మధ్య వెళ్ళండి. ఆ తర్వాత పిట్టలు నీడలోకి పోతాయి.

కైలాసగిరి ఎన్నోసార్లు చూశాం. అక్కడ కొత్తగా ఏముంటుంది?

శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటో తీసుకున్నాక నేల వైపు చూడండి. కొండను కోసి దారి వేసిన చోట తుప్పురంగు రాయి బయటపడి ఉంటుంది. దాని పేరు ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. కోణార్క ఆలయంలో ఎక్కువ భాగం ఈ జాతి రాయితోనే కట్టారు. దగ్గరగా చూస్తే ఆవగింజంత ఎర్రటి పలుకులు కనిపిస్తాయి, అవి గార్నెట్ అనే ఖనిజం. వాటిలో ఇనుము ఉంటుంది. ఎండకీ వానకీ ఆ ఇనుము తుప్పు పట్టి రాయంతా ఎర్రబారుతుంది.

ఈ రాయి తెలిస్తే విశాఖ సగం అర్థమైనట్టే. ఇది లోపల్లోపల చివికి గుల్లబారుతుంది. వాననీరు ఆ గుల్లలోకి, పగుళ్ళలోకి ఇంకి నెమ్మదిగా దిగి కొండ పాదాన బయటికి వస్తుంది. మన ధారలు అలా పుట్టినవే. చివికిన రాయి వానతోపాటు సముద్రం చేరుతుంది. తేలిక ఇసుకను అలలు లాక్కుపోగా బరువైన గార్నెట్, ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం రేణువులు ఒడ్డున చారలుగా మిగులుతాయి. బీచ్‌లో అక్కడక్కడ నల్లగా, ఎర్రగా కనిపించే ఇసుక చమురో మురికో కాదు, పైనున్న కొండే. మా పాప ఏడేళ్ళప్పుడు ఆ నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పి, దానికి అంటుకున్న రేణువుల్ని చూసి "కొండ అంటుకుంది" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

సాయంత్రం పూట కొండ అంచున నిలబడితే గాలి పైకి తన్నే చోట గద్దలు, గరుడ పక్షులు రెక్క ఆడించకుండా మన కళ్ళకి సమానమైన ఎత్తులో తేలుతూ పోతాయి. గద్ద వీపు చూడటం మామూలుగా కుదిరే పని కాదు.

తెన్నేటి పార్కులో రాళ్ళ మధ్య ఏవో ప్రాణులుంటాయంటారు, నిజమేనా?

నిజం. నగరంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టిన ఈ పార్కు, కైలాసగిరి కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర ఉంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' గాలివానకి కొట్టుకొచ్చి ఇక్కడి రాళ్ళలోనే ఇరుక్కుంది. అప్పట్లో ఊరంతా ఓడను చూడటానికి వచ్చింది. కాళ్ళ కింద ఉన్నవాటిని తొక్కుకుంటూ వచ్చింది.

సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ళ గుంతల్లో నీళ్ళు మిగిలిపోతాయి. మోకాళ్ళ మీద వంగి, నీడ నీళ్ళ మీద పడకుండా ఓ ఐదు నిమిషాలు చూడండి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత ఒక నత్తగుల్ల నడుస్తుంది. అది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత. రాతి అంచున పువ్వులా విచ్చుకుని ఉండేది సముద్రపు ఎనిమోన్. దాని రేకులు వేటాడే చేతులు, తగిలిన చిన్న ప్రాణిని కుట్టి లోపలికి లాక్కుంటాయి. రాయంతా ఆకుపచ్చ తివాచీ పరిచినట్టుంటే పాచి అనుకోకండి. వేలాది చిన్న ప్రాణులు పక్కపక్కనే అతుక్కుని పగడాలకి చుట్టాలైన జోయాంథిడ్లుగా బతుకుతుంటాయి. తెల్లటి సున్నపు మొటిమల్లా కనిపించేవి బార్నకిల్స్. అవి పీతల, రొయ్యల జాతివి. పుట్టినప్పుడు ఈదుతాయి, ఒకసారి రాయికి తల ఆనించి అతుక్కున్నాక జన్మంతా కాళ్ళతో నీళ్ళలోంచి తిండి లాక్కుంటూ గడిపేస్తాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఇవన్నీ రోజుకి రెండుసార్లు మునుగుతాయి, రెండుసార్లు ఎండకి మలమలా మాడతాయి. అలల దెబ్బ, వాన కురిస్తే మంచినీళ్ళు, ఎండ కాస్తే ఉప్పు పెరిగిన నీళ్ళు. అలాంటి చోట జీవించడం నేర్చుకున్నవాటి మీద మన చెప్పు కాలు పడితే క్షణంలో పోతాయి. అడుగు ఉత్త రాయి మీద, ఇసుక మీద మాత్రమే వెయ్యండి.

అమావాస్యకి, పౌర్ణమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు నీరు బాగా వెనక్కి పోతుంది. ఆటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది, బయలుదేరే ముందు ఆ రోజు వేళ ఫోన్‌లో చూసుకోండి. నీరు తగ్గుతుండగా దిగి, తిరగబడటం మొదలవగానే బయటికి వచ్చెయ్యాలి. ఒకసారి నేను పట్టించుకోక పాచి రాయి మీద జారి మోచెయ్యి చీరుకుని మూడు కుట్లు వేయించుకున్నాను. అప్పటినుంచి పట్టున్న చెప్పులు లేనివాళ్ళని రాళ్ళ మీదకి రానివ్వడం లేదు. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే సంస్థవాళ్ళు ఇలాంటి తీర నడకలు జరుపుతుంటారు. మొదటిసారి వాళ్ళలాంటి తెలిసినవాళ్ళతో వెళ్ళడం మంచిది.

పిల్లలు గవ్వలు, గుల్లలు ఏరుకోవచ్చా?

వద్దు. సన్యాసి పీతకి పొట్ట మెత్తన, పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కావాలి. మీ షోకేసులో ఉన్న గుల్ల దాని ఇల్లు. చేతిలో పెట్టుకుని చూసి, దొరికిన చోటే పెట్టమనండి. పిల్లలు ఈ మాట పెద్దవాళ్ళకంటే త్వరగా వింటారు.

కంబాలకొండలో చిరుతలుంటాయి కదా, వెళ్ళడం క్షేమమేనా?

ఉంటాయి. ఉండటమే ఆ అడవి గొప్పతనం. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. జాతీయ రహదారి మీద లారీల హారన్లు వినిపించేంత దగ్గరలో చిరుత బతుకుతోందంటే దానికి తినడానికి దుప్పులు, తాగడానికి గెడ్డలు, దాక్కోవడానికి పొదలు ఇంకా ఉన్నాయని అర్థం. సందర్శకులకి కేటాయించిన భాగంలో, పగటిపూట, అటవీశాఖవారు చెప్పిన దారిలో నడిస్తే చిరుత మీకు కనిపించదు. మీరు మాత్రం దానికి కనిపించి ఉండవచ్చు. చీకటి పడ్డాక, ఒంటరిగా, దారి తప్పి వెళ్ళకండి.

ఎక్కువమంది పడవ ఎక్కి వెనక్కి వచ్చేస్తారు. మీరు దారి వెంట కొంచెం ముందుకి వెళ్ళి మాటలాపి నిలబడండి. జెముడు కాకి కడుపులోంచి వచ్చినట్టు 'ఊప్ ఊప్' అంటుంది. కలివి పొదలు, నేరేడు, రేల, ఈత కలగలిసిన అడవి ఇది. వేసవిలో కూడా పూర్తిగా ఆకు రాల్చని చెట్లు ఎక్కువ. బయట ఎండ మండిపోతున్నా లోపలికి వెళ్ళగానే ఒంటి మీద చెమ్మ గాలి తగులుతుంది. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ ఈ చల్లదనం విలువ మనకి తెలిసొస్తుంది.

జూ సంగతి?

1977లో తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 625 ఎకరాల్లో ఉంది, కంబాలకొండ అడవికి ఆనుకుని. బోనుల్లో లేని ప్రాణుల్ని చూడటానికే నేను వెళ్తాను. ఒక గేటు జాతీయ రహదారి వైపు, ఇంకోటి సాగర్‌నగర్ వైపు. రెంటి మధ్య నడిచే దారిలో వాన తర్వాత సీతాకోకచిలుకలు తడి మట్టి మీద గుంపుగా వాలి ఉప్పులు పీల్చుకుంటుంటాయి.

సెంట్రల్ పార్కు, శివాజీ పార్కు లాంటి వాటిలో చూడదగ్గదేమైనా ఉందా?

నడకకి మంచివి. అడవి కోసమైతే వేరే చోటికి వెళ్ళండి.

తొట్లకొండ బౌద్ధక్షేత్రం కదా, ఈ జాబితాలో ఎందుకు?

కొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే ఆ పేరుకి కారణం. దగ్గరలోని బావికొండ పేరూ అలాంటిదే. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున, ఊట లేని కొండమీద వాన చుక్కను పట్టి ఉంచుకుని ఏళ్ళ తరబడి బతికారు వాళ్ళు. స్తూపం చూశాక చుట్టూ ఉన్న గడ్డిమైదానంలోకి చూడండి. చాలామంది దాన్ని బీడు అనుకుంటారు. అది బీడు కాదు. కౌజు పిట్టలు, పూరేళ్ళు, నేల మీద గూడు పెట్టే పిట్టలు చెట్లున్న చోట బతకలేవు, వాటికి గడ్డే అడవి. అక్కడ మొక్కలు నాటే కార్యక్రమం పెడదామని ఎవరైనా అడిగితే దయచేసి వద్దని చెప్పండి.

కిందికి దిగి రోడ్డు దాటితే మంగమారిపేట తీరంలో అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. దాని మీదకి ఎక్కకండి.

ఎర్రమట్టి దిబ్బలు పార్కు కాదు కదా?

కాదు. అయినా అడక్కుండా ఎవరూ ఉండరు. భీమిలి దారిలో ఉన్న ఈ దిబ్బల్ని 2014లో జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రనైంది. తర్వాత వానలు దాన్ని కోసి ఇరుకు సందులు చేశాయి. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే మరికొన్ని ఉన్నాయి.

సందుల అడుగున నడవండి. అంచుల మీదకి ఎక్కితే మట్టి విరుగుతుంది. కైలాసగిరి మీద చూసిన ఎరుపూ ఇక్కడి ఎరుపూ ఒకే ఇనుము నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు.

మాధవధారలో ఇంకా నీళ్ళున్నాయా?

ఉన్నాయి. సింహాచలం కొండకి ఇవతలి వైపు, నగరంలో ఉన్నామన్న సంగతి మరిచిపోయేంత మరుగున. ధార దగ్గరినుంచి పాత మెట్లదారి కొండ దాటి సింహాచలం దిగుతుంది. వానాకాలం చివర్లో వెళ్తే మెట్ల పక్కన రాయి మీద ఫెర్న్‌లు, నాచు, చెమ్మలో చిన్న చిన్న కప్పలు కనిపిస్తాయి. అవతల దిగాక సంపెంగలు అమ్మే అవ్వ దగ్గర నాలుగు పూలు కొనుక్కోండి. సింహాచలం సంపెంగ వాసన బస్సులో ఇంటిదాకా వస్తుంది. ధార నీళ్ళలో సబ్బు, షాంపూ వాడకండి, ఆ కప్పలు చర్మంతో కూడా ఊపిరి పీలుస్తాయి.

ఏ కాలంలో వెళ్ళాలి?

అందరూ నవంబరు నుంచి ఫిబ్రవరి అంటారు. వలస పక్షులకి అది సరైనదే. నాకైతే ఆరుద్ర కార్తె ఇష్టం. జూన్ మూడో వారం దాటాక, తొలి వానలకి తడిసిన నేల మీద ఎర్ర మఖ్‌మల్ గుడ్డతో చేసినట్టుండే ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. మా చిన్నప్పుడు ఇంటి పెరట్లోనే ఉండేవి. ఇప్పుడు మందులు చల్లని, ఎవరూ చదును చెయ్యని నేల ఉన్న చోటే దొరుకుతున్నాయి. అవి కనిపించిన పార్కు మూల బతికే ఉందని నాకు నమ్మకం.

హుద్‌హుద్ తుపానుకి పోయిన చెట్లు మళ్ళీ వచ్చాయా?

2014 అక్టోబరు 12 ఉదయం విశాఖలో ఉన్నవాళ్ళెవరూ ఆ శబ్దం మరిచిపోరు. మర్నాడు మా వీధి చివర నిలబడితే అంతకుముందు ఎన్నడూ కనిపించని కొండ కనిపించింది, మధ్యలో చెట్లు లేవు. రోడ్ల పక్కన త్వరగా నీడ కోసం నాటినవి వేళ్ళతో సహా లేచిపోయాయి. తాటిచెట్లు చాలావరకు నిలబడ్డాయి. వాటికి గాలిని పట్టే కొమ్మల గుబురు లేదు. కంబాలకొండలో విరిగిన మొదళ్ళ నుంచే కొత్త చిగుళ్ళు వచ్చాయి, అక్కడ ఎవరూ ఏమీ నాటనక్కర్లేకపోయింది. పార్కుల్లో మళ్ళీ నాటేటప్పుడు వేప, నేరేడు, కానుగ అడగండి.

రాత్రి బీచ్‌లో తాబేలు కనిపిస్తే ఏం చెయ్యాలి?

దూరంగా, వెనకవైపు, కదలకుండా ఉండండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఒక్కోటి దాదాపు వంద గుడ్లు పెడుతుంది. ఫోన్ లైట్ వెయ్యకండి, ఫ్లాష్ అసలే వద్దు. బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది. అటవీశాఖకి చెబితే గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రానికి చేరుస్తారు. దాదాపు 50 రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుగున్న వైపు పరిగెడతాయి. ఒకప్పుడు రాత్రి తీరంలో అన్నిటికంటే వెలుగైనది సముద్రమే. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు.

ఏం తెచ్చుకోవాలి?

నీళ్ళు, పట్టున్న చెప్పులు లేదా బూట్లు, టోపీ. పొదల్లోకి చెయ్యి పెట్టకండి, నాగు, రక్తపింజరి రెండూ ఉన్నాయి. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి. స్పీకర్లో పాటలు పెట్టుకుని వచ్చేవాళ్ళు ఆ ఒక్క పూట ఆపండి.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కలేదు. ఆమెను ఎక్కడికి తీసుకెళ్ళను?

పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కుకి. దారి చదునుగా ఉంటుంది. ముళ్ళ మొక్కలు, మందు మొక్కలు, నీటి మొక్కలు విడివిడిగా పెంచారు. మీ అమ్మగారి వయసువాళ్ళు అక్కడ మీకు చూపించేవాళ్ళవుతారు. మా అత్తయ్యని తీసుకెళ్ళినప్పుడు నల్లేరు తీగ దగ్గర ఆగి దాని పచ్చడి ఎలా చేస్తారో చెప్పింది, తిప్పతీగ దగ్గర ఆగి వాళ్ళ నాన్న జ్వరానికి కషాయం కాచేవాడని చెప్పింది. సీతాకోకచిలుక ఒకటి ఆమె చీర అంచు మీద వాలింది. లేస్తే ఎగిరిపోతుందని ఇరవై నిమిషాలు ఆ బెంచీ మీదే కూర్చుంది.